ఐదేళ్లు ఆర్కిటెక్చర్ చదివి ప్రూఫులు దిద్దడమా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లె. విజయవాడలో బీ.ఆర్క్ చేసి, హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో రెండేళ్లు డ్రాయింగులు గీశాను. రాయడం ఇష్టం కాబట్టి ఎనిమిది నెలల క్రితం ఒక పత్రికలో అసిస్టెంట్ ఎడిటర్‌గా చేరాను. ఇళ్లు, భవనాలు, ఇంటీరియర్స్ గురించి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వచ్చే పత్రిక అది. జీతం ముందుకంటే తక్కువ. పని చూస్తే ఆర్కిటెక్టులు పంపే ఇంగ్లీషు నోట్‌ని తెలుగు చేయడం, క్యాప్షన్లు రాయడం, ప్రూఫులు దిద్దడం, అంతే. పోయిన నెల ఒక టైల్స్ కంపెనీ ప్రకటన ఇచ్చిందని, వాళ్లు చెప్పిన విల్లానే కవర్ స్టోరీ చేయమన్నారు. మరో పెద్ద ఆర్కిటెక్టు నా వ్యాసం మొత్తం తిరగరాసి పంపితే అదే అచ్చేశాం. నేను రాసే తెలుగు నాకే అతికించినట్టు ఉంటోంది. మా నాన్న తాపీ మేస్త్రీ. పత్రిక ఇంటికి తీసుకెళ్తే బొమ్మలు చూసి బల్ల మీద పెట్టేశారు. ‘ఐదేళ్లు ఆర్కిటెక్చర్ చదివించింది ప్రూఫులు దిద్దడానికా’ అని అమ్మతో అన్నారట. మళ్లీ డ్రాయింగుల వైపు వెళ్లిపోవాలా? ఇక్కడ ఇంకో రెండు మూడేళ్లుంటే తర్వాత నన్ను ఎవరైనా తీసుకుంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జీతం, కవర్ స్టోరీ, పెద్ద ఆర్కిటెక్టు దిద్దుళ్లు అన్నీ వివరంగా రాసి, నాన్నగారు పత్రికను బల్ల మీద పెట్టేసిన సంగతిని మాత్రం చివర్లో ఒక్క వాక్యంతో దాటేశారు. నాకు ఉత్తరం మొత్తంలో అదే ముఖ్యంగా కనబడింది. గోడలు కట్టి బతికిన మనిషి చేతికి, ఇళ్ల గురించి కూతురు పనిచేసే పత్రిక వచ్చింది. ఆయనకి అందులో చదవడానికి ఏమీ దొరకలేదు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఇప్పుడే మానేయొద్దు. ఇంకో ఏడాది ఉండండి. కానీ ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో మాత్రం ఒక్క నెల కూడా చేయకండి. ఎనిమిది నెలలుగా మీరు చేస్తున్నది ఎడిటింగ్ కాదు, వచ్చిన కాగితాన్ని శుభ్రం చేసి అవతలికి పంపడం. కుర్చీలోంచి లేవకుండా చేసే పని ఏ పత్రికలోనైనా ఇలాగే ఉంటుంది. పత్రిక మారితే మారదు.

నేను ఇళ్ల పత్రిక డెస్కులో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. చేరిన రెండో ఏట గోదావరి వైపు కొత్తగా కట్టిన ఒక ఇంటి మీద రాయాల్సి వచ్చింది. పాత మండువా లోగిలి పద్ధతి. చుట్టూ వసారా, నడిమధ్య ఆకాశం. ఫొటోలు అద్భుతంగా ఉన్నాయి, ఆర్కిటెక్టు పంపిన నోట్ ఇంకా బాగుంది. నేను వెళ్లలేదు. కూర్చున్న చోటే ‘వాన చినుకు నట్టింట్లోకి వచ్చి పలకరిస్తుంది’ అని రాసి, ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను కూడా. ఏడాదిన్నర తర్వాత ఆ ఊళ్లో పెళ్లికి వెళ్లి, కుతూహలం కొద్దీ ఆ ఇంటికి వెళ్లాను. మండువా మీద ఇనప గ్రిల్, గ్రిల్ మీద నీలం టార్పాలిన్. గ్రిల్ కోతుల కోసం, టార్పాలిన్ వాన కోసం. పాత లోగిళ్లలో మండువా నేలని బాగా కిందికి దింపి, నీళ్లు బయటికి పోవడానికి వెడల్పాటి తూము పెట్టేవాళ్లు. ఇక్కడ సన్నటి పైపు ఒకటి పెట్టారు. అందులో ఆకులు అడ్డుపడి, మొదటి పెద్ద వానకే నీళ్లు హాల్లోకి వచ్చాయి. ఇంటావిడ కాఫీ ఇచ్చి, ఏ కోపం లేకుండా అంది: ‘బాగా రాశారండీ. వాన పలకరించి పోలేదు, వచ్చి కూర్చుంది.’

ఆ రోజు నుంచి నాకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. చూడని ఇంటి గురించి రాయను. వీలైతే ఆ ఇంటి మీద ఒక వానాకాలం పోయాకే చూస్తాను. పత్రికలకి కొత్త ఇల్లు కావాలి, గృహప్రవేశం మామిడాకులు వాడకముందే ఫొటోలు తీసేయాలి. ఆ తొందర వల్లే మన పత్రికల్లో ఇళ్లన్నీ ఎవరూ కాపురం ఉండని ఇళ్లలా ఉంటాయి. మీ సంపాదకుడిని ఇష్యూకి ఒక్క ఇల్లు అడగండి. ‘మూడేళ్ల కింద కట్టిన ఇల్లు, ఇప్పుడెలా ఉంది’ అని రెండు పేజీలు. ఖర్చు బస్సు చార్జీ మాత్రమే. కాదనడానికి కారణం వెతుక్కోవాలి.

వెళ్లినప్పుడు ఆర్కిటెక్టుతో కలిసి వెళ్లకండి. ఆయన ఉంటే ఇంటివాళ్లు మర్యాదకి నవ్వుతారు. ఇల్లు ఊడ్చే మనిషిని పలకరించండి. ఏ మూల దుమ్ము పోదో, ఏ కిటికీ చేతికి అందదో ఆమెకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మే నెల మధ్యాహ్నం మూడింటికి అందరూ ఏ గదిలో చేరతారో అడగండి. తడిబట్టలు ఎక్కడ ఆరేస్తున్నారు? గ్యాస్ సిలిండర్ ఎక్కడుంది? ఏసీ బయటి పెట్టె ఎవరి కిటికీ ఎదురుగా పెట్టారు? ముసురు పట్టినప్పుడు ఏ తలుపు పట్టేస్తోంది? ఫొటోగ్రాఫర్ జాగ్రత్తగా ఫ్రేములోంచి తప్పించినవన్నీ అడగండి. ఇల్లు అక్కడుంటుంది.

ఇంకోటి, ఖర్చు. తెలుగు పాఠకుడు ఏ ఇంటి బొమ్మ చూసినా మొదట అడిగేది ‘ఎంతయింది?’ అనే. మన పత్రికల్లో ఆ ఒక్కటే ఉండదు. యజమాని ఒప్పుకోకపోతే సరే, ఒప్పుకున్నప్పుడు కట్టిన సంవత్సరంతో సహా వేయండి. సంవత్సరం లేని ఖర్చు ఎవరికీ ఉపయోగపడదు. విస్తీర్ణం చదరపు మీటర్లలో పంపుతారు, దాన్ని అలాగే అచ్చేస్తారు. 167 చదరపు మీటర్లంటే మన పాఠకుడికి ఏమీ కనబడదు. 200 గజాలంటే స్థలం కళ్ల ముందు కనబడుతుంది. ఆంధ్రాలో సెంటు అంటే 48.4 గజాలు, తెలంగాణలో గుంట అంటే 121 గజాలు. ఆ ఇల్లు ఏ ఊళ్లో ఉందో ఆ ఊరి లెక్క కూడా పక్కన పెట్టండి. అంకణం జోలికి వెళ్లేటప్పుడు మాత్రం జాగ్రత్త, ఊరికో కొలత ఉంటుంది. ఆ ఊళ్లోనే అడిగి రాయండి.

ఇక తెలుగు. అతికించినట్టుందని మీరే అన్నారు కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడుకోవచ్చు. మీరు ఇంగ్లీషు నోట్ ముందు పెట్టుకుని వాక్యానికి వాక్యం తిప్పుతున్నారు. అలా తిప్పితే ‘స్థలాల మధ్య ప్రవాహం’, ‘ప్రకృతితో సంభాషణ’, ‘ప్రతికూల స్థలం’ లాంటివే పుడతాయి. వీటిని ఏ తెలుగువాడూ నోటితో అనడు. నోట్ చదవండి, మూసేయండి, ఇంటికి వెళ్లి చూడండి, చూసింది మీ అమ్మకి ఫోన్లో చెప్పినట్టు చెప్పండి, తర్వాత రాయండి. హాల్లో నిలబడితే వంటింట్లో ఉన్న మనిషి కనబడుతుందా లేదా, అది రాస్తే ‘స్థలాల ప్రవాహం’ అక్కర్లేదు.

పెద్ద పొరపాటు ఇంకోవైపు కూడా ఉంది. ఇంగ్లీషు మాటని చూడగానే దానికి సంస్కృతం పుట్టించడం. శ్లాబు, సెంట్రింగ్, లింటల్, ఎలివేషన్, బీము, వీటికి కొత్త మాటలు వెతక్కండి. ఇవి ఇప్పుడు తెలుగు మాటలే, మీ నాన్నగారు రోజూ అనేవే. ‘ముఖభాగ రూపకల్పన’ అని రాసి ఎవరికి అర్థం చేయిస్తారు? పిట్టగోడ, అటక, సజ్జ, చూరు, దూలం, వాసం, గూడు, అరుగు అన్న మాటలు బతికే ఉన్నాయి. వీటిని వదిలేసి ‘పారాపెట్’, ‘లాఫ్ట్’, ‘నిష్’ అని రాసేదీ మన పత్రికలే. ఉన్నదాన్ని వాడకపోవడం ఒకటి, లేనిదాన్ని పుట్టించడం ఒకటి. రెండు జబ్బులూ డెస్కుల్లోనే చూశాను, సైటులో ఎక్కడా చూడలేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ‘బేస్‌మెంట్’ అన్న మాట ఆర్కిటెక్టు నోట్‌లో వస్తే నేల కింది అంతస్తు అని అర్థం. మన సైటులో అదే మాటకి నేల మట్టం నుంచి ఫ్లోరింగ్ దాకా లేపిన పునాది గోడ అని అర్థం. ప్రభుత్వ ఇళ్ల పథకాల్లో బిల్లులు కూడా ‘బేస్‌మెంట్ లెవెల్’, ‘రూఫ్ లెవెల్’ అనే దశలవారీగానే ఇస్తారు. నేల కింద కార్లు పెట్టుకునేది మనకి సెల్లార్. ‘బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ ఏర్పాటు చేశారు’ అని మీరు రాస్తే గుంటూరు జిల్లాలో ఒక మేస్త్రీ చదివి, పునాది రాళ్ల మధ్యలో సినిమా ఎలా చూస్తారా అనుకుంటాడు. ఇంగ్లీషూ తప్పు కాదు, మేస్త్రీ తెలుగూ తప్పు కాదు. ఆ రెంటికీ మధ్య నిలబడి ఏది ఎవరి మాటో తెలుసుకుని రాసే మనిషి కావాలి. ఆ మనిషి ఎడిటరు. మీలాంటి వాళ్లు నిజంగా తక్కువమంది ఉన్నారు. ఒక భాష కాలేజీలో నేర్చుకున్నారు, రెండోది ఇంట్లో విన్నారు.

ఊరిని బట్టి మాట మారుతుందని కూడా గుర్తుపెట్టుకోండి. కోస్తాలో మండువా లోగిలి, రాయలసీమలో మట్టి మిద్దె, తెలంగాణలో భవంతి. కరీంనగర్ వైపు ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఇంటావిడ అర్ర, దర్వాజ, కడప అంటే వాటిని గది, తలుపు, గడప అని దిద్దకండి. మొదటిసారి వచ్చినప్పుడు వాక్యంలోనే అర్థం తెలిసేలా రాయండి చాలు. నేను మొదట్లో దిద్దేవాణ్ని. ‘ప్రామాణిక భాష’ అన్న నెపం మీద ఎన్ని మాటలు చెరిపేశానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. బందరు వైపు తీరంలో చుట్టిల్లు ఉంటుంది. గుండ్రటి మట్టిగోడ, కిందికి దిగిన తాటాకు కప్పు, గాలివాన ఒక్క మూల పట్టి లాగడానికి వీల్లేని కట్టడం. దాన్ని ‘వృత్తాకార నివాసం’ అని క్యాప్షన్ పెట్టిన పేజీ ఒకటి నేనే పాస్ చేశాను.

వస్తువుల పేర్లూ అంతే. ‘స్థానికంగా దొరికే రాయి’ అని రాయడం బద్ధకం. తాండూరు బండా, బేతంచెర్ల నాపరాయా, కడప నల్లరాయా? ఏ క్వారీ నుంచి వచ్చింది, పాలిష్ పట్టారా, వానలో జారుతుందా? ‘సంప్రదాయ సున్నపు పూత’ అని నోట్‌లో ఉంటే సున్నం ఎక్కడ కాల్చారు, గానుగలో తిప్పారా, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపారా, ఎన్ని రోజులు నానబెట్టారు అని అడగండి. సమాధానం రాకపోతే అది మామూలు వైట్ సిమెంట్ అయి ఉండొచ్చు. హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి ఒక ఆదివారం వెళ్లండి. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు అక్కడ మరమ్మతులు చేస్తూ, ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటుని చాలాచోట్ల తీసేసి మళ్లీ సున్నమే పూయించారు. అంతకుముందు ‘మరమ్మతు’ పేరుతో పూసిన సిమెంటే లోపల తేమని పట్టి ఉంచింది. ఇలాంటి కథ ఏ నోట్‌లోనూ రాదు, గోడ దగ్గర నిలబడి పనివాళ్లని అడిగితే వస్తుంది.

డ్రాయింగుల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు, కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ప్లాన్ కింద ‘స్కేలు 1:100’ అని ఉంటుంది. పేజీలో పట్టడానికి బొమ్మని కుదిస్తారు, ఆ అక్షరాలు మాత్రం అలాగే మిగులుతాయి. అచ్చులో అది అబద్ధం. అంకె తీసేసి గీతల స్కేలు పెట్టించండి, బొమ్మతో పాటే అదీ కుదించుకుపోతుంది. ఉత్తరం బాణం ఎప్పుడూ వదలకండి. వాస్తు మీద మీకు నమ్మకం ఉందో లేదో నాకు తెలియదు, మీ పాఠకులకి ఉంది. ప్లాన్ పేజీ తెరవగానే చాలామంది చూపు ఆగ్నేయానికే పోతుంది. ఒకసారి మా లేఅవుట్ కుర్రాడు పేజీ అందం కోసం ఒక ఇంటి ఫొటోని కుడిఎడమలు తిప్పేశాడు, నేను చూసుకోలేదు. పత్రిక బయటికొచ్చిన రోజే ఇంటాయన ఫోను: ‘మా మెట్లు ఈశాన్యంలోకి ఎప్పుడొచ్చాయండీ? మా వియ్యంకుడు పొద్దున్నుంచీ నాలుగుసార్లు ఫోన్ చేశాడు.’ తర్వాతి సంచికలో సవరణ వేశాం. ఆ వియ్యంకుడు నమ్మాడో లేదో తెలియదు.

అలాగే తెలుగు అచ్చు తిప్పలు. మీరు యూనికోడ్‌లో టైపు చేస్తారు, లేఅవుట్ వాళ్లు ఇంకా పాత ‘అను’ ఫాంట్లలో ఉంటారు. మార్చేటప్పుడు ఒత్తులూ అంకెలూ చెదురుతాయి. కాబట్టి చివరి ప్రూఫ్ స్క్రీన్ మీద కాదు, కాగితం మీద చూడండి. ప్రూఫులు దిద్దడాన్ని నాన్నగారు చిన్నచూపు చూశారని మీరూ చూడకండి. ‘12 అంగుళాల గోడ’ కాస్తా ‘2 అంగుళాల గోడ’ అయితే దాన్ని పట్టుకునేది మీరే.

ఇప్పుడు టైల్స్ కంపెనీ. ప్రకటనల డబ్బు చూసి మొహం చిట్లించకండి, మీ జీతం అందులోంచే వస్తుంది. మన దేశంలో ఆర్కిటెక్చర్, కళల మీద ఎంతో గౌరవంగా చెప్పుకునే ‘మార్గ్’ పత్రిక 1946లో బొంబాయిలో మొదలైనప్పుడు దానికి టాటాల అండ ఉంది. ప్రకటన ఉండటంలో తప్పు లేదు, ప్రకటనని వ్యాసంలా చూపించడంలో ఉంది. టైల్స్ కంపెనీకి నాలుగు పేజీలు కావాలంటే ఇవ్వండి. ప్రతి పేజీ పైన ‘ప్రకటన’ అని స్పష్టంగా, వేరే అక్షరాల్లో వేయండి. కవర్ మాత్రం అమ్మకానికి పెట్టకండి.

మీ యజమానికి నీతి చెప్పి లాభం లేదు, ఆయన అద్దె కట్టాలి. దానికి బదులు ఒక నియమం చూపించండి. ఆర్కిటెక్టుల వృత్తి ప్రవర్తన మీద 1989లో కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నిబంధనలు వచ్చాయి. ఆర్కిటెక్టు తన సేవల గురించి ప్రకటనలు ఇచ్చుకోకూడదని అందులో ఉంది. తన పని గురించి బొమ్మలు, వివరాలు పత్రికల్లో వచ్చినప్పుడు పేరు వేయించుకోవచ్చు. అయితే అందుకు డబ్బు ఇవ్వడం గానీ తీసుకోవడం గానీ చేయకూడదు. ఇక్కడ డబ్బిచ్చింది టైల్స్ కంపెనీయే కావచ్చు. కానీ కవర్ మీద పేరు పడేది ఆర్కిటెక్టుది, రేపు మాట పడేదీ ఆయనే. ‘సార్, మనకి పని ఇచ్చే ఆర్కిటెక్టులనే ఇరుకున పెడుతున్నాం’ అంటే ఆయన వింటాడు. ఎడిటరు మొహమాటపడితే వినడు.

వ్యాసం తిరగరాసిన పెద్దాయన విషయంలో తప్పు సగం మీది. మొత్తం వ్యాసం ఎందుకు పంపారు? కొలతలు, పేర్లు, సంవత్సరాలు, వాడిన సామాన్లు, ఆయన చెప్పిన మాటలుగా కొటేషన్లలో పెట్టినవి, ఇవి మాత్రం విడిగా రాసి పంపండి లేదా ఫోన్లో చదివి వినిపించండి. ఇందులో తప్పుంటే వెంటనే దిద్దండి, కృతజ్ఞతలు చెప్పండి. మిగిలింది మీ అభిప్రాయం, దాన్ని దిద్దే హక్కు మీ సంపాదకుడికి తప్ప ఎవరికీ లేదు. ముందే, ఫొటోలు అడిగిన రోజే, ‘వివరాలు సరిచూసుకుంటాం, వ్యాసం చూపించం’ అని మర్యాదగా రాసి పంపితే సగం గొడవలు రావు. కొందరు ఫొటోలు ఇవ్వరు. ఇవ్వకపోతే పోనివ్వండి. ఇల్లు ఇంకోటి దొరుకుతుంది.

ఫొటోల గురించి ఒక్క మాట. ‘నా దగ్గరున్నాయి, వాడుకోండి’ అని ఆర్కిటెక్టు వాట్సాప్‌లో పంపేస్తారు. ఒకటి, అవి అచ్చుకి పనికిరావు. రెండోది, వాటి మీద హక్కు ఎవరిదో ఆయనకీ తెలియకపోవచ్చు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారిది. ఫొటోగ్రాఫర్ రాయించుకున్న కాగితంలో వేరేలా ఉంటే వేరే. ఆ కాగితం అడగండి. ఫొటోగ్రాఫర్ పేరు లేకుండా ఏ బొమ్మా వేయకండి.

పేర్ల దగ్గరే ఇంకొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ మన పత్రికలు చాలా లోభిగా ఉంటాయి. హైదరాబాద్ హైకోర్టు భవనం గురించి రాసేటప్పుడు విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు పేరు రాసి ఊరుకుంటాం. ప్లాన్ గీసినవారిగా జైపూర్ శంకర్‌లాల్ పేరు, కట్టించిన స్థానిక ఇంజనీరుగా మెహర్ అలీ ఫాజిల్ పేరు కూడా చెబుతారు. ఒక్క భవనం, మూడు పేర్లు, క్యాప్షన్‌లో ఒకటే మిగిలింది. కాకతీయుల కాలంలో, 1213 నాటి రుద్రేశ్వరాలయాన్ని జనం శిల్పి పేరుతో రామప్ప గుడి అనే పిలిచారు, 2021లో యునెస్కో జాబితాలో కూడా ఆ పేరు చేరింది. మీ పత్రిక క్రెడిట్ లైన్లో ఆర్కిటెక్టు, ఇంటీరియర్ డిజైనరు, ఫొటోగ్రాఫరు, ఆఖరికి సోఫా కంపెనీ కూడా ఉంటుంది. మేస్త్రీ ఉండడు. వడ్రంగి ఉండడు. వచ్చే నెల నుంచి ఆ రెండు పేర్లు చేర్చండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక ఫోన్ కాల్ చాలు.

తర్వాత ఎవరు తీసుకుంటారన్న భయానికి వస్తాను. ‘మార్గ్’ని నడిపిన ముల్క్ రాజ్ ఆనంద్ నవలాకారుడు. ఆయనతో పాటు దాన్ని మొదలుపెట్టినవాళ్లలో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) నుంచి వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు. అనిల్ డిసిల్వా అసిస్టెంట్ ఎడిటర్‌గా చేసింది, మిన్నెట్ డిసిల్వా ఆర్కిటెక్ట్. మిన్నెట్ తర్వాత తన దేశం వెళ్లి ప్రాక్టీసు పెట్టి, అక్కడి చేతిపనివాళ్లతో కలిసి కట్టిన ఇళ్లతో పేరు తెచ్చుకుంది. పత్రిక ఆమెకి అడ్డం రాలేదు. అందరూ మిన్నెట్ కారు, నిజమే. మామూలు లెక్కలోనే చెబుతాను. రెండేళ్లలో యాభై ఇళ్లు లోపలికి వెళ్లి, ఏది పనిచేసిందో ఏది కారిందో రాసుకున్న మనిషికి, పాత కట్టడాల డాక్యుమెంటేషన్‌లో, పుస్తకాల పనిలో, కాలేజీల్లో పాఠం చెప్పడంలో, మళ్లీ ఆర్కిటెక్టు ఆఫీసులో కూడా చోటు ఉంటుంది. రెండేళ్లు నోట్‌లు అనువదించిన మనిషికి ఉండదు. జీతం మాత్రం ఈ దారిలో ఎప్పుడూ కొంచెం తక్కువే, ఆ విషయంలో మీకు ఆశ పెట్టను. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యూవల్ తేదీ మర్చిపోకండి. డెస్కులో కూర్చున్నాక అందరూ మర్చిపోయేది అదే. నెలకో రోజైనా పాత స్నేహితుల సైటుకి వెళ్లి రండి.

ఏడాది ఉండమన్నాను గానీ, ముందు ఆరు నెలలు చూడండి. ఇష్యూకి ఒక్క ఇంటికైనా వెళ్లనివ్వకపోయినా, ‘ప్రకటన’ అన్న మాట పేజీ మీద వేయనివ్వకపోయినా, అప్పుడు మానేయండి. ఇంకో పత్రిక వెతుక్కున్నా సరే, డ్రాయింగులకి వెళ్లినా సరే. కేరళలో ఇళ్ల గురించి మలయాళంలో ‘వనిత వీడు’ లాంటి పత్రికలు మామూలు కుటుంబాలు కొని చదువుతాయి. తెలుగులో అలాంటి చదువరి లేడని యజమానులు అంటారు. ఇల్లు కట్టుకోవడానికి జీవితమంతా కూడబెట్టే మనుషులున్న చోట చదువరి లేడంటే నేను నమ్మను.

ఆ చదువరి మీ ఇంట్లోనే ఉన్నాడు. ఈ నెల చివర ఊరు వెళ్లేటప్పుడు అచ్చయిన పత్రిక తీసుకెళ్లకండి, అచ్చుకాని ప్రూఫు తీసుకెళ్లండి. భోజనం అయ్యాక నాన్నగారిని కూర్చోబెట్టి పైకి చదవండి. ఆయన ‘అంటే ఏంటమ్మా?’ అన్న చోట పక్కన పెన్సిల్ గీత పెట్టుకోండి. వివరించబోకండి, గీత పెట్టుకుని ముందుకి వెళ్లండి. ‘అలా కట్టరు’ అన్న చోట రెండు గీతలు. అయిపోయాక ఆ గీతల దగ్గరికి తిరిగి వచ్చి, దాన్ని మీరేమంటారు నాన్నా, ఎలా కడతారు అని అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టే రాసుకోండి. మధ్యలో ఆయన లేచి బయటికి తీసుకెళ్లి గోడ చూపిస్తారు. చెప్పులేసుకుని వెళ్లండి, ప్రూఫు బల్ల మీదే ఉంటుంది.